సత్యవతి గారి చెక్కలో వచ్చిన చీలిక

2022 ఫిబ్రవరి సంగతి ఇది. వాంకూవర్ శివార్లలో ఒక నగరపాలక సంస్థ సొంతంగా నడుపుకునే ఆధునిక కళా మ్యూజియంలో అప్పటికి ఆరేళ్ళుగా నేను అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ని. ఊరి పేరు రాయను. ఇందులో తప్పు నాది. ఆ మచ్చ ఊరికి అంటకూడదు.

రిజిస్ట్రార్ అనగానే చాలామందికి ఆస్తులూ పెళ్ళిళ్ళూ నమోదు చేసే ఆఫీసు గుర్తొస్తుంది. మ్యూజియంలో ఈ పని వేరు. సేకరణలోని ప్రతి వస్తువూ ఎక్కడుంది, ఎలా ఉంది, ఎప్పుడు కదిలింది, ఎవరు కదిపారు అన్నది రాసిపెట్టడం మా పని. నేను హైదరాబాద్‌లో డేటాబేస్‌లు చూసుకుంటూ వచ్చినవాణ్ణి. మ్యూజియం పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఎనిమిది నెలల కాంట్రాక్టు మీద చేరాను. ఆ వస్తువుల మీద మమకారం పెరిగి అక్కడే ఉండిపోయాను. మిత్రులు ఇప్పటికీ ఏడిపిస్తారు. "మేమందరం క్లౌడ్‌కి పోయాం, వీడు గోడౌన్‌కి పోయాడ్రా" అని.

గోడౌనే. కానీ ఎలాంటి గోడౌన్! చేపల వలల పాత తాళ్ళతో అల్లిన పెద్ద తెర ఉంది. సిటీ బస్సు నడిపిన ఒకాయన ఇరవై ఏళ్ళపాటు ఒకే స్టాపు దగ్గర తీసిన ఫొటోలున్నాయి. వరదలో తడిసిన ఇళ్ళ గోడల నుంచి ఊడిన రంగు పొరలతో చేసిన బొమ్మలున్నాయి. పెద్ద పేర్లు తక్కువ. ఏది కొనాలన్నా, ఏది తీసుకోవాలన్నా ఊరివాళ్ళున్న ఒక కమిటీ బహిరంగంగా కూర్చుని నిర్ణయిస్తుంది. మా రికార్డుల్లో ప్రతి వస్తువుకీ యజమాని ఎవరన్న గడి ఒకటుంటుంది. అందులో 'నగర ప్రజలు' అని టైపు చేసిన ప్రతిసారీ నాకు లోపల ఏదో నిండినట్టుండేది. నేనూ ఆ ప్రజల్లో ఒకణ్ణే కదా.

ఆ గడికి ఎడమపక్క, కళాకారుల పేర్ల వరసలో, ఒకరోజు తెలుగు పేరు పడింది. సత్యవతి గారిది.

ఆవిడ వాంకూవర్ పక్కనే సర్రీలో ఉంటారు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. ఏలూరు దగ్గర తలుపులూ ద్వారబంధాలూ చేసే వడ్రంగి కూతురు. పెళ్ళై ఈ దేశం వచ్చి, ఇక్కడొక కలప మిల్లులో లంబర్ గ్రేడర్‌గా ముప్పై ఏళ్ళు చేశారు. గ్రేడర్ అంటే, ముందునుంచి కదిలిపోతున్న ఒక్కొక్క బోర్డునీ క్షణంలో చూసి, ముడులూ పగుళ్ళూ తడీ పసిగట్టి, అది ఏ తరగతిదో ముద్ర వేసే మనిషి. ఆరినదైతే ఎస్-డ్రై, పచ్చిదైతే ఎస్-గ్రీన్. మిల్లు మూతపడిన రోజు ఆఖరి షిఫ్ట్‌లో తాను ముద్ర వేసిన బోర్డుల ముక్కలు నలభై ఒకటి అడిగి తెచ్చుకున్నారు. ఆరినవని ముద్ర పడినవే కదా అని, నేరుగా గరాజులో తండ్రి నేర్పిన పద్ధతిలో బిగించి, గోడంత పలక చేశారు. పేరు 'ఆఖరి షిఫ్ట్'. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి ముక్క మీదా ఎస్-డ్రై ముద్ర కనిపిస్తుంది. నడిమధ్యలో అడుగున్నర వెడల్పున్న ఒకే చెక్క, ముద్దపసుపు రంగులో, తలుపు తెరుచుకుంటున్నట్టుంటుంది.

మ్యూజియం కొత్తగా కట్టిన ప్రవేశ మందిరంలో ఎదురుగోడకి కమిటీ ఏరికోరి ఎంచింది దాన్నే. ఆ సంగతి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొదట పెట్టింది నేను. ఏదో నేనే చేసినట్టు.

ఇక నా తప్పు.

చెక్క, కాన్వాసు, కాగితం గాలిలోని తేమతో పాటు ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి. అందుకే మేము స్టోరులో తేమని యాభై శాతం దగ్గర నిలుపుతాం. దానికొక హ్యుమిడిఫయర్, అంటే గాలికి తడి అందించే యంత్రం, ఉంటుంది. గదిలో తేమని పావుగంటకోసారి నమోదు చేసే డేటా లాగర్ అనే చిన్న డబ్బీ ఉంటుంది. తేమ పడిపోతే నా ఫోన్‌కి అలారం వస్తుంది. నాకొక్కడికే వచ్చేట్టు పెట్టింది కూడా నేనే. అందరికీ వస్తే గోల అని.

సోమవారం వచ్చే ఫ్యామిలీ డే సెలవుకి ముందు శుక్రవారం ఫిల్టరు మార్చడానికి యంత్రానికి నీళ్ళొచ్చే వాల్వు కట్టేశాను. మార్చాను. వాల్వు తిప్పడం మరిచాను. ఎడ్మంటన్‌లో మిత్రుడి గృహప్రవేశానికి విమానం టైమవుతోందన్న తొందర. ఆ వారాంతం ఆన్-కాల్ డ్యూటీ నాది. ఆ మాట ఎవరికీ గుర్తు చేయకుండానే వెళ్ళిపోయాను.

అదే వారాంతం ఉత్తరం నుంచి పొడి చలిగాలి మా ఊరున్న లోయలోకి దిగింది. శనివారం అక్కడ పాలు పొంగిస్తుండగా ఫోన్ మోగింది. నలభై శాతం. అంతకుముందు నెలలో బ్యాటరీ అయిపోయి రెండుసార్లు ఉత్తుత్తి అలారాలొచ్చాయి. ఇదీ అలాంటిదేనని మ్యూట్ చేశాను. సెక్యూరిటీ గార్డుకి ఒక్క ఫోన్ చేస్తే ఐదు నిమిషాల పని. చేయలేదు. మంగళవారం పొద్దున స్టోరు తలుపు తీస్తే లాగర్ మీద ఇరవై ఏడు కనిపించింది. పెదవులు ఎండినట్టనిపించింది. వాల్వు తిప్పాను. సాయంత్రానికి అంకె మెల్లగా పైకెక్కింది. నేను ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత గోడకెక్కించడానికి 'ఆఖరి షిఫ్ట్' మీది గుడ్డ తీశాం. నడిమి చెక్కలో కింది చివర నుంచి జానెడు పొడుగున సన్నటి చీలిక. నా పక్కనే మా క్యూరేటర్ మార్గరెట్ ఉంది. సేకరణకి పెద్ద దిక్కు ఆవిడే.

"ఇదెలా వచ్చింది?" అంది.

నోట్లో మాట సిద్ధంగా ఉన్నట్టే వచ్చేసింది. "చెక్క పూర్తిగా ఆరి ఉండకపోవచ్చు."

మా వృత్తిలో దీనికొక మాటుంది: ఇన్‌హెరెంట్ వైస్. వస్తువులో పుట్టుకతోనే ఉన్న లోపం. దాన్ని ఎవరూ పాడుచేయలేదు, అదే పాడైంది అని అర్థం. వస్తువు పరిస్థితిని వివరంగా రాసే కండిషన్ రిపోర్ట్‌లో కారణం దగ్గర ఆ మాట రాశాను. గదిలో తేమ గ్రాఫు జతచేయాలన్నది రూలు. పక్క గదిలో, కాగితాల స్టోరులో, లాగర్ గ్రాఫు చక్కగా యాభై దగ్గర నిలిచి ఉంది. దాన్ని జతచేశాను. ఇది పొరపాటని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. రెండు గ్రాఫులూ తెర మీద పక్కపక్కన పెట్టుకుని, చూసుకుని, ఎంచుకుని చేసిన పని.

పుట్టు లోపమున్న వస్తువుని ప్రవేశ మందిరంలో పెట్టలేమని, అసలు సేకరణలో ఉంచుకోవాలా లేదా అన్నది వచ్చే సమావేశంలో తేలుస్తామని కమిటీ కబురు పంపింది. సేకరణ నుంచి తీసేయడాన్ని డీఎక్సెషన్ అంటాం. కళాకారులు బతికుండగా వాళ్ళ పని తీసేస్తే వాళ్ళకది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ముందుగా సత్యవతి గారికి చూపించమని మార్గరెట్ నన్నే పురమాయించింది. "మీ ఇద్దరిదీ ఒకే భాష కదా, నువ్వైతే మెత్తగా చెప్తావు" అని.

చీలిక పడిందనీ, పలకని ఉంచాలా తీయాలా అని కమిటీ చూస్తోందనీ ఫోన్‌లో చెప్పాను. ఆవిడ ఆకుపచ్చ ఉన్ని కోటు వేసుకుని, స్కైట్రెయిన్ అనే మెట్రో రైలు దిగి నడిచి వచ్చారు. స్టోరులో బల్ల మీద పలక పడుకోబెట్టి ఉంది. చీలిక మొదట చూడలేదు. చెక్కని వేలి కణుపుతో రెండుచోట్ల తట్టి విన్నారు. తర్వాత కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి వంగారు.

"కొత్తదిది. అంచులు తెల్లగా ఉన్నాయి చూడు, దుమ్మైనా పట్టలా."

"అవునండీ."

"మా నాన్న తలుపు చేస్తే పలక చుట్టూ గాడిలో గింజంత సందు వదిలేవారు. వానాకాలం ఒళ్ళు చేస్తుంది, ఎండాకాలం చిక్కుతుంది, మెసలనియ్యాలి కదా అని. నేనూ వదిలాను, ఇదిగో. నెల రోజుల్లో వచ్చే మార్పైతే చెక్క ఎలాగోలా సర్దుకుంటుంది బాబూ. రెండు మూడు రోజుల్లో వస్తే దానివల్ల కాదు." తల ఎత్తి నన్ను చూశారు. "ఈ మధ్య మీ గది గాని బాగా ఎండిందా?"

"లేదండీ" అన్నాను.

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. ఆగలేదు. "గ్రాఫు కూడా ఉందండీ" అని కాగితం చేతికిచ్చాను.

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు. తిన్నని గీత. చాలాసేపు చూశారు.

"అయితే నాదే అయ్యుంటుంది. వయసప్పటికే మీద పడుతోందేమో, పచ్చిదాన్ని ఆరిందనుకుని ముద్ర గుద్దేశానేమో." గొంతులో కోపం లేదు. "మా మిల్లులో ఒక రివాజుండేది. ఎవరి స్టాంపుకి వాళ్ళ నంబరు. తప్పు గ్రేడు పడ్డ బోర్డు కొన్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కొచ్చిందనుకో, ఆ నంబరు మనిషే అందరి ముందూ వెళ్ళి తీసుకోవాలి. పాత ముద్ర చెక్కేసి మాయం చెయ్యకూడదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైన ముద్ర, మళ్ళీ తన నంబరూ వెయ్యాలి. ముప్పై ఏళ్ళలో నాకు ఒక్కటే వచ్చింది. ఇది రెండోది. ఎక్కడ సంతకం పెట్టమంటావు?"

"దేనికండీ?"

"తీసెయ్యడానికే. పచ్చి చెక్క ఊరి నెత్తిన పెట్టి పోతానా? నేనే దించేయమంటున్నానని మార్గరెట్‌కి చెప్పు. వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు."

ఫారం దొరకలేదని చెప్పి ఆవిణ్ణి పంపేశాను. డ్రాయరులోనే ఉంది. ఆవిడ వెళ్ళాక ఆ పలక పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. నలభై ఒక్క ముద్రలు, ప్రతిదాని కింద ఆవిడ నంబరు. మా కండిషన్ రిపోర్ట్‌కీ అదే రూలు. రాసింది చెరపకూడదు. తప్పు దొర్లితే ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ రూలు చెప్పేది నేనే. ఆవిడ మిల్లులో నేర్చుకున్నది, నేను మ్యూజియంలో నేర్పేది ఒకటే. తేడా ఏమిటంటే, ఆవిడ చేయని తప్పుకి కూడా గీత కొట్టుకోవడానికి స్కైట్రెయిన్ ఎక్కి వచ్చారు.

మర్నాడు పొద్దున అసలు గ్రాఫు ప్రింటు తీసి మార్గరెట్ బల్ల మీద పెట్టాను. యాభై నుంచి ఇరవై ఏడుకి జారిన గీత. వాల్వు, అలారం, ఎడ్మంటన్, పక్క గది గ్రాఫు, అన్నీ చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు పక్కకి జరిపింది.

"సత్యవతికి తెలుసా?"

"లేదు."

"మరి నా దగ్గరికెందుకు ముందొచ్చావు? నేను నీ బాస్‌ని మాత్రమే. పో, ఆవిడకి చెప్పిరా. తర్వాత మన సంగతి మాట్లాడదాం."

సర్రీలో ఆవిడ ఇల్లు చేరేసరికి పదకొండైంది. గరాజులోకి రమ్మన్నారు. బల్ల మీద పాత నోటుపుస్తకాలు గుట్టగా పోసి ఉన్నాయి, వాటి పక్కన సగం తుంచిన గోరుచిక్కుళ్ళు. నేను నిలబడే చెప్పాను. చెప్పడం అయ్యాక, తుంచుతున్న చిక్కుడుకాయ పళ్ళెంలో పడేశారు.

"ఆ పుస్తకాలేంటో తెలుసా?"

"తెలీదండీ."

"నా గ్రేడు పుస్తకాలు. నిన్న ఇంటికొచ్చిన కాణ్ణించీ తిరగేస్తున్నా. ఎప్పట్నుంచి నా కన్ను తప్పుతోందో, ఎవరిళ్ళకి ఎలాంటి దూలాలు పంపానో అని. ముప్పై ఏళ్ళ పని తవ్వుకున్నానయ్యా, నీ ఒక్క కాయితం చూసి." గొంతు ఇప్పుడు లేచింది. "చెక్క పగిలితే పగిలింది. చెక్కన్నాక పగులుద్ది. ఎదురుగా నిలబెట్టి, గీత గీసిన కాయితం నా చేతిలో పెట్టి, నా కంటినే నాకు అబద్ధం చేశావే. అది ఎట్టా అతుకుద్ది?"

"క్షమించమని అడగడానికి కూడా..."

"అడగమాక. ఇప్పుడు చెప్పే ఓపిక నాకు లేదు." ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "సమావేశం ఎప్పుడు?" అన్నారు.

"గురువారమండీ."

"బహిరంగమేగా? వస్తాను. అక్కడ చదువు ఈ కథంతా, గీత కొట్టి, పక్కన రాసి. నేను వెనక వరసలో కూర్చుంటా." లేచి లోపలికి వెళుతూ ఆగారు. "అన్నం తినే టైమైంది. తింటావా, అట్టాగే పోతావా?"

తినలేకపోయాను. పెరుగన్నం డబ్బాలో పెట్టిచ్చారు. అంత కోపంలోనూ ఊరగాయ వేయడం మరవలేదు.

గురువారం కమిటీ ముందు సవరించిన కండిషన్ రిపోర్ట్ చదివాను. 'ఇన్‌హెరెంట్ వైస్' అన్న మాట మీద గీత. పక్కన: 'స్టోరులో తేమ మూడు రోజుల్లో పడిపోవడం వల్ల, కారణం సిబ్బంది నిర్లక్ష్యం, మొదటి రిపోర్ట్‌కి జతచేసిన గ్రాఫు ఈ గదిది కాదు, అది తెలిసే జతచేశాను.' కింద నా పొడి సంతకం. హాల్లో ముప్పై మంది ఉంటారు. మా వాట్సాప్ గ్రూపువాళ్ళు ఇద్దరున్నారు.

నన్ను నెల రోజులు సస్పెండ్ చేశారు. ఏడాదిపాటు నా రిపోర్టుల మీద రెండో సంతకం తప్పనిసరి చేశారు. ఉద్యోగం ఎందుకు తీసేయలేదని మార్గరెట్‌ని అడిగాను. "ఫైలు చదివేవాళ్ళకి ఆ గీత కొట్టిన మనిషి కూడా ఇక్కడే కనబడాలి" అంది. ఇప్పుడు అలారం నలుగురు ఫోన్లలో మోగుతుంది. వాల్వు పక్కన, మూసి ఉంటే వెలిగే ఎర్ర లైటుంది. దాన్ని పెట్టించమని మొదటి దరఖాస్తు నాది.

'ఆఖరి షిఫ్ట్'ని సేకరణలో ఉంచడానికి కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. దాన్ని మరమ్మతు చేసే హక్కు ముందుగా ఎవరిదని అడిగితే, బతికున్న కళాకారిణిది అన్నారు. ఆవిడ వచ్చి, చీలిక మీద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్క బిళ్ళలు రెండు పొదిగారు. చీలిక ఇంకా పాకకుండా అవి పట్టి ఉంచుతాయి. దాన్ని కప్పేసే రంగు వేయనివ్వలేదు. "కనబడనీ. తలుపు పాతదైతే అతుకు పడుద్ది, అందులో సిగ్గేముంది?" అన్నారు. తర్వాత పలకని బోర్లించి నా చేతికి పెన్సిలిచ్చారు. "రాయి."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను: 'ఫిబ్రవరిలో గది ఎండింది. చెక్క తప్పు లేదు.' కింద ఆవిడ తన పాత గ్రేడరు నంబరు రాసి, పక్కన నా పొడి సంతకం పెట్టించారు. వెనకవైపు రాత కూడా వస్తువులో భాగమే కాబట్టి, దాన్నీ ఫొటో తీసి రికార్డులో ఎక్కించాం. ఇప్పుడది ప్రవేశ మందిరం ఎదురుగోడ మీదే ఉంది. పక్కన చీటీలో వస్తు వివరం ఇలా ఉంటుంది: డగ్లస్ ఫర్ కలప, జిగురు, ఒక మరమ్మతు. ఆఖరి రెండు మాటలూ ఆవిడ పట్టుబట్టి వేయించినవి.

ఈ వృత్తి నాకేం నేర్పిందని అడిగితే, నేను మొదట చెప్పేది తేమ గురించి కాదు. మేము భద్రపరిచేది వస్తువులనే అనుకునేవాణ్ణి. వస్తువు వెనక ఒక మనిషి మాట ఉంటుంది, ఇది ఆరింది, ఇది గట్టిది, నేను చూశాను అన్న మాట. అది కూడా నగర ప్రజల ఆస్తే. మేము కాగితం మీద ఒక్క అబద్ధం రాస్తే, ముందుగా పగిలేది ఆ మాట. కొత్తగా చేరేవాళ్ళకి కండిషన్ రిపోర్ట్ నేర్పేటప్పుడు నేను ఇప్పుడు నమూనా ఫారాలు వాడను. నా ఫైలే తెరిచి ఆ గీత చూపిస్తాను. నా మ్యూజియం దాన్ని దాచకుండా ఉంచినందుకు గర్వంగానే చూపిస్తాను.

సత్యవతి గారు నన్ను క్షమించారో లేదో నాకు తెలీదు. అడగమాకన్నారు, అడగలేదు. కానీ నెలకోసారైనా మనవరాలినో, గుడిలో పరిచయమైనవాళ్ళనో వెంటబెట్టుకుని వస్తారు. మొన్న శనివారం ఎదురుగోడ దగ్గర నిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని, నడిమి చెక్క మీద అరచెయ్యి ఆనించారు. నేను చూశాను.

"ఆంటీ, వస్తువుల్ని ముట్టుకోకూడదండీ."

"ముట్టుకోవట్లా. నీ గదిలో తడెంతుందో చూస్తున్నా."

ఫోన్ తీసి ఆ మందిరం లాగర్ చూశాను. "నలభై తొమ్మిదండీ."

ఆవిడ చెయ్యి తీయకుండానే తలూపారు. "ఊఁ. నాకూ అంతే అనిపించింది."